రసీదులో ‘ఇతరములు’

రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖ మంత్రులకు, నగరపాలక సంస్థల కమిషనర్లకు,



తపాలా శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యాను. సైకిలెక్కి ఉత్తరాలు పంచడంతో మొదలుపెట్టి సబ్ పోస్ట్‌మాస్టర్ కుర్చీలోంచి దిగాను. కుక్కల విషయమై ప్రభుత్వానికి ఉత్తరం రాయాల్సి వస్తుందని ఆ ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. పోస్ట్‌మ్యాన్‌కీ కుక్కకీ ఉన్న చుట్టరికం మీకు తెలియంది కాదు. నన్ను మూడుసార్లు కరిచాయి. మొదటిసారి కరిచినప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచే రోజులు. ఆ సూది తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట బిగుసుకుంటుంది. కాబట్టి నన్ను జంతుప్రేమికుల పద్దులో వేయకండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడి మీద కుక్కలు పడ్డ వీడియో చూసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. కుక్కల బండ్లు తిరగాల్సిందే, పట్టాల్సిందే. పట్టిన తర్వాతి సంగతి గురించే ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. పేరు టపా. కరోనా ఏడాది మా మనవరాలు ఆగివున్న ఆటో కిందనుంచి ఎత్తుకొచ్చింది. నేను వద్దన్నాను, నా మాట చెల్లలేదు. పేరు కూడా తనే పెట్టింది, తాతయ్య ఉద్యోగం మీద గౌరవంతోనట. ‘టపా కట్టడం’ అంటే ఏమిటో గుర్తుచేసి పక్కింటాయన పేరు మార్చమన్నాడు, అదీ చెల్లలేదు. ఏ జాతి అని ఎవరైనా అడిగితే మా ఆవిడ “మన జాతే” అంటుంది. నల్లటి ఒళ్లు, కాళ్లకు గోధుమరంగు మేజోళ్లు, ఎడమ చెవి ఎప్పుడూ మడత పెట్టిన ఇన్‌లాండ్ లెటరులా ఉంటుంది. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాను, పుస్తకం ఉంది. నగరపాలక సంస్థ దగ్గర లైసెన్సు మాత్రం తీసుకోలేదు. అది నా తప్పే, ముందే ఒప్పుకుంటున్నాను.

మొన్న డిసెంబరు 31 సాయంత్రం టపాకి స్నానం చేయించి, బెల్టు తీసి దండెం మీద వేశాం. అర్ధరాత్రి వీధిలో కుర్రాళ్లు పదివేల వాలా అంటించగానే అది గేటు దూకి చీకట్లో కలిసిపోయింది. నేనూ మా అల్లుడూ టార్చిలైటు పట్టుకుని తెల్లవారేదాకా తిరిగాం. మర్నాడు మనవరాలు ఫోటోతో కాగితాలు అచ్చు వేయించి కిరాణా కొట్లకీ మందుల షాపులకీ అంటించింది. శనివారం మధ్యాహ్నం దోసెల పిండి అమ్మే ఆవిడ ఫోను చేసింది. ముందురోజు పొద్దున రైతుబజారు వెనక కుక్కల బండి వచ్చిందట, ఎక్కించినవాటిలో నల్లది ఒకటి ఉందట.

కుక్కలు ఉంచే షెడ్డు ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు, చెత్త డంపింగ్ యార్డు దాటాక. శనివారం మేం చేరేసరికి కౌంటరు మూసేశారు. ఆదివారం సెలవు. సోమవారం టీకా పుస్తకం చూపిస్తే “లైసెన్సేది?” అన్నారు. లైసెన్సు ఇచ్చేది ఊళ్లో ఆఫీసులో. మంగళవారం అది పట్టుకుని వెళితే లెక్క నోటితో చెప్పారు. జరిమానా 2,000, బండి ఖర్చు 700, టీకా 500, ఐదు రోజుల మేత రోజుకు 250 చొప్పున 1,250. మొత్తం 4,450 రూపాయలు. టీకా పుస్తకం చేతిలో ఉండగా మళ్లీ టీకా డబ్బులేమిటని అడిగితే “వచ్చిన ప్రతిదానికీ వేస్తాం” అన్నారు. మేత లెక్కలో మూడు రోజులు నా ఆలస్యం కాదు. ఒకరోజు కౌంటరు మూత, ఒకరోజు సెలవు, ఒకరోజు లైసెన్సు కోసం తిప్పడం. ఆటోవాడైనా మనిషి ఎక్కి కూర్చున్నాకే మీటరు తిప్పుతాడు.

అక్కడ పనిచేసే కుర్రాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ల చేతుల మీద పాత కాట్ల మచ్చలు చూశాను. అందులో ఒకడు తన క్యారేజీలోని పెరుగన్నం టపాకి పెట్టాడని తర్వాత తెలిసింది. లోపల అది వేరే తిండి ముట్టలేదట.

డబ్బు కట్టాను. డబ్బు కన్నా రసీదు నన్ను ఎక్కువ నొప్పించింది. పద్దు అనే గడిలో ‘ఇతరములు’ అని ఒక మాట, దాని ఎదురుగా 4,450 అని ఒక అంకె. జరిమానా ఎంత, మేత ఎంత, ఏ నియమం కింద, ఏ కుక్కకు, ఏమీ లేదు. నేను రసీదుల మీద బతికినవాణ్ణి. పది రూపాయల మనియార్డరు కట్టినవాడికి కూడా ఎవరికి, ఎంత, కమిషనెంత అని రాసిచ్చాం. చిరునామా చెరిగిపోయిన ఉత్తరానికి సైతం మా శాఖలో రిటర్న్డ్ లెటర్ ఆఫీసు అని ఒకటుంది. మేమెవరం విప్పకూడని కవరును అక్కడ మాత్రం విప్పి, పంపినవాడి ఆనవాలు లోపల ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు. దొరికితే వెనక్కి పంపుతారు. దారి తప్పిన కాగితానికి ఉన్న ఆ పాటి మర్యాద దారి తప్పిన ప్రాణికి లేకపోయింది.

అదే మంగళవారం నా ముందు వరుసలో ఒకావిడ నిలబడి ఉంది. బస్టాండు గోడ పక్కన ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. ఆవిడ కుక్క పేరు బుడ్డోడు. పగలు గిన్నెలు కడిగేచోట పడుకుంటాడు, రాత్రి బండికి కాపలా. బెల్టు లేదు, పుస్తకం లేదు. శనివారం వచ్చినప్పుడు 3,950 అన్నారట. రోజు ఫైనాన్సు వాడి దగ్గర అప్పుచేసి మంగళవారానికి నాలుగు వేలు తెచ్చింది. ఆ సరికి లెక్క 4,700 అయింది.

“మొన్న చెప్పిన లెక్క ఇయాళ లేదు బాబుగారూ. నేను పోగేసేకొద్దీ అదీ పెరుగుతానే ఉంది” అంది నాతో.

కుక్కల బండి మీద పనిచేసే కుర్రాడొకడు జాలిపడి గొంతు తగ్గించి ఒక సలహా చెప్పాడు. “నాది కాదని చెప్పెయ్ పిన్నీ. వీధికుక్క అని రాసుకుంటాం. ఆపరేషన్ చేసి నాలుగైదు రోజుల్లో పట్టినచోటే వదిలేస్తాం. పైసా అక్కర్లేదు.”

కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి మళ్లీ పట్టినచోటే వదలాలి. ఖర్చు జనం మీద వేయరు. అంటే ఒకే కుక్కను ‘నాది’ అంటే 4,700, ‘నాది కాదు’ అంటే ఉచితం. పెంచినవాళ్లకు బాధ్యత ఉండాలని మీరే బోర్డులు పెడతారు. ఆ బాధ్యతను కౌంటరు దగ్గర ఒప్పుకున్నవాళ్ల మీదే బిల్లు వేస్తారు.

కుర్రాడికి తట్టని మడత ఇంకొకటి ఉంది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో తిరిగే వీధికుక్కల్ని తీసేసి షెల్టర్లకు చేర్చాలని, వాటిని మళ్లీ అదేచోట వదలకూడదని. ఆవిడ బండి బస్టాండు గోడ పక్కనే. పట్టినచోటు ‘బస్టాండు’ అని కాగితంలో పడివుంటే, నాది కాదన్న మరుక్షణం బుడ్డోడు ఇక ఆ బండి దగ్గరికి రాడు. ఈ సంగతి నేనే ఆవిడకు చెప్పాను. ఆవిడ అంతా విని, “కోర్టు సంగతి నాకు తెలవదు గానీ, పెంచినోణ్ణి నావోడు కాదని ఎట్టా చెప్తానండీ?” అంది.

నా జేబులో ఇంకా పదిహేను వందలున్నాయి. ఏడొందలు తీసి ఇవ్వబోయాను. “ఒక అప్పోడు చాలండి” అని చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను రెండోసారి అడగలేదు. టపా గొలుసు చేతిలో ఉంది, బయట ఆటో వెయిటింగులో ఉంది, వచ్చేశాను. రెండోసారి అడక్కపోవడం ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం.

మా చిన్నప్పుడు ఊళ్లో బందెలదొడ్డి ఉండేది. పల్లెల్లో పుట్టిన పెద్దలు మీలోనూ ఉంటారు, గుర్తుండే ఉంటుంది. పరాయి చేలో పడ్డ పశువును తోలుకొచ్చి అందులో పెట్టేవాళ్లు, బందె కట్టి విడిపించుకోవాలి. మా గేదె ఒకసారి మునసబుగారి మినప చేలో పడింది. మా నాన్న ఒక్కో నాణెం లెక్కపెడుతూ దాని వంశాన్నంతా తిట్టాడు. ఇంటికొచ్చాక మాత్రం దానికి ఆ రాత్రి తవుడు ఎక్కువ పెట్టాడు.

ఆ దొడ్డి గుర్తొచ్చి పాత చట్టం తీసి చదివాను. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం. ఏనుగుకు రెండు రూపాయలు, ఒంటెకీ గేదెకీ ఎనిమిది అణాలు, గుర్రానికీ ఆవుకీ ఎద్దుకీ నాలుగణాలు, దూడకీ గాడిదకీ పందికీ రెండణాలు, గొర్రెకీ మేకకీ అణా. బందె ఎంతో చట్టంలోనే రాశారు. మేత, నీళ్ల ఖర్చు జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయించాలి. ఆ ధరల పట్టిక దొడ్డి దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. పట్టిన పశువును 24 గంటల్లో దొడ్డికి చేర్చాలి. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు తోలుకొచ్చారో, పశువు ఆనవాళ్లేమిటో రిజిస్టర్లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీస్ స్టేషన్లో నోటీసు అంటించాలి, పట్టిన ఊళ్లోనూ దగ్గరి సంతలోనూ దండోరా వేయించాలి. మరో ఏడు రోజులు చూశాకే వేలం. వేలంలో ఖర్చులు పోను మిగిలిన సొమ్ము మూడు నెలలు అట్టే పెట్టి, యజమాని వస్తే అతని చేతిలో పెట్టాలి.

తెల్లదొరల పాలనను పొగుడుతున్నానని అనుకోకండి. బందెలదొడ్డి పేరు చెబితే పేద రైతుకు గుండె గుభేలుమనేది. పల్నాడులో పశువుల మేత మీద వేసిన పుల్లరి కట్టం పొమ్మని రైతులు తిరగబడింది, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తూటాలకు ఒరిగింది ఇలాంటి పశువుల జప్తుల నడుమే. జాలీ దయా లేని ఆ సర్కారు కూడా వసూలు చేసేది ఎంతో ముందు రాసిపెట్టింది, ఊరందరికీ వినిపించేలా డప్పు కొట్టించింది. ఆ జాబితాలో ఏనుగు ఉంది, ఒంటె ఉంది, కుక్క లేదు. మా టపా గేదెగా పుట్టివుంటే దానికి దండోరా దక్కేది.

ఇప్పటి నియమాల్లో అసలేమీ లేదనను. వీధికుక్కల్ని పట్టబోయేముందు ఆ పేట జనానికి తెలిసేలా నోటీసు పెట్టాలని, పట్టిన ప్రతిదాని మెడకూ నంబరు పట్టీ వేయాలని 2023 నియమాలు చెబుతున్నాయి. టపా మెడకు నంబరు పట్టీ ఉంది. రైతుబజారు వెనక నోటీసు మాత్రం కూరగాయల వాళ్లలో ఒక్కరి కంటా పడలేదు. పట్టినవాటిలో పెంపుడు కుక్క ఉంటే యజమానిని ఎలా వెతకాలి, ఎన్నాళ్లు ఆగాలి, ఎంత తీసుకోవాలి అని అడిగితే షెడ్డులో ఎవరి దగ్గరా కాగితం లేదు. నాకు చెప్పిన లెక్క, నా వెనకాయనకు చెప్పిన లెక్క ఒకటేనో కాదో కూడా నాకు తెలిసే దారి లేకపోయింది.

జరిమానా వద్దని నేననడం లేదు. కుక్కను కావాలని రోడ్డు మీదికి వదిలేవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. రెండోసారి దొరికితే రెట్టింపు వేయండి, మూడోసారి నాలుగింతలు వేయండి. కానీ మీ ఖజానా వైపు నుంచే ఒకసారి ఆలోచించండి. లాబ్రడార్ కొన్నవాడు నాలుగున్నర వేలకు వెనకాడడు. నాటుకుక్కకు సంతలో ధర లేదు, ఇలాంటి పిల్ల రేపు ఇంకో ఆటో కింద ఊరికే దొరుకుతుంది. యజమాని చేతులెత్తేసి వెళ్లిపోయిన రోజు నుంచి ఆ కుక్క మేత మీ పద్దులోకి ఎక్కుతుంది. రోజుకు 250 నిజంగా అయ్యే ఖర్చే అయితే బుడ్డోణ్ణి ఏడాది ఉంచడానికి 91,250 రూపాయలు. 4,700 రాబట్టాలని పంతం పట్టి తొంభై ఒక్క వేలు నెత్తిన వేసుకునే వ్యాపారం ఏ షావుకారూ చేయడు. ఏ కుక్క త్వరగా ఇల్లు చేరితే ఆ కుక్క మీకు మిగులు.

అందుకని నేను అడిగేది ఇంతే. షెడ్డు గేటు మీద, వార్డు ఆఫీసుల్లో ధరల పట్టిక పెట్టండి, ఇడ్లీ బండి ఆవిడకు ఎవరైనా చదివిపెట్టగలిగేంత పెద్ద అక్షరాలతో. ఏ రోజు పట్టినవాటి ఫోటోలు ఆ రోజే, పట్టిన వీధి పేరుతో సహా, జనం చూసేచోట పెట్టండి. ఈ కాలపు దండోరా ఫోన్లోనే కదా. ఆ కబురు బయటికి వెళ్లేదాకా మేత లెక్క మొదలుపెట్టకండి. కౌంటరు మూసిన రోజుకు లెక్క వేయకండి, కాగితాల కోసం మీరు తిప్పిన రోజుకూ వేయకండి. ఎన్ని రోజులైనా ఇంతకు మించి తీసుకోం అని ఒక గీత గీయండి. రేషన్ కార్డు మీద బతికేవాళ్లకు మొదటిసారి జరిమానా బదులు టీకా, లైసెన్సు, చిప్పు ఇప్పించి పంపండి. టీకా పుస్తకం ఉన్నవాళ్ల దగ్గర టీకా డబ్బులు తీసుకోకండి. ‘నాది’ అన్న మాటకు శిక్ష పడకుండా చూడండి.

చిప్పు గురించి ఒక మాట, ఉద్యోగ ధర్మంగా. పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. నేను చేరిన కొత్తలో కూడా చాలామంది దాన్ని లెక్కచేసేవాళ్లు కాదు. కవరు మీద ‘రామాలయం వెనక, వేపచెట్టు ఇల్లు’ అని రాసి ఊరుకునేవాళ్లు. ఆరంకెల విలువ తెలిసొచ్చేసరికి ఏళ్లు పట్టింది. కుక్క చర్మం కింద పెట్టే చిప్పు బియ్యపు గింజంత ఉంటుంది, అందులో పదిహేనంకెల నంబరు. రీడరు ఆనిస్తే నంబరు కనిపిస్తుంది. అది కుక్క ఎక్కడుందో చెప్పదు, రిజిస్టర్లో ఆ నంబరు ఎదుట ఎవరి పేరుందో చూసుకోవాలి. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కలకు లైసెన్సుతో పాటు దీన్నీ తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ నుంచే ఉంది. అక్కడ 1990 నాటి చట్టం ప్రకారం తప్పిపోయిన కుక్కను ఏడు రోజులు ఉంచాలి, పట్టినవాటి రిజిస్టరును ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, విడుదల రుసుము 25 పౌండ్లని 1992లోనే రాసిపెట్టారు. మేత ఖర్చు దానికి అదనం, కాబట్టి అక్కడి పేదవాడికీ ఇబ్బంది తప్పదు. ఎంతన్నది మాత్రం ముందే తెలుస్తుంది. మన కుక్కల బండిలోనే ఒక రీడరు ఉండి, టపాకి చిప్పు ఉండివుంటే, అది షెడ్డు దాకా పోనే పోదు. రైతుబజారు నుంచి మా గేటుకు నడిచి ఎనిమిది నిమిషాలు.

జనవరి నెలాఖరున బస్టాండు వైపు పని పడింది. పని ఉందని నాకు నేను చెప్పుకున్నాను, నిజానికి ఏ పనీ లేదు. ఇడ్లీ బండి అక్కడే ఉంది. చక్రానికి నైలాను తాడుతో బుడ్డోణ్ణి కట్టేసి ఉంది. చెవి కొసన కొత్తగా కత్తిరించిన గుర్తు. మెడకు పాత చీర అంచు కుట్టి, దాని మీద మార్కరు పెన్నుతో ఫోన్ నంబరు రాయించింది. రెండో గ్యాసు బండ కుదువ పెట్టి బుధవారం విడిపించుకుందట. ఉన్న ఒక్క బండా మధ్యలో అయిపోతే ఆ పూటకు వ్యాపారం బంద్. నన్ను గుర్తుపట్టి, చిల్లర డబ్బా అడుగునుంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది.

“దేనికెంత పట్టారో చదివి పెట్టండి బాబుగారూ. మా పిల్లోడు చదివాడు గానీ వాడికి అర్థం కాలా.”

విప్పి చూశాను. ‘ఇతరములు’, ఎదురుగా 4,950.

“ఇతరములు అని ఉందమ్మా.”

“అంటే?”

ముప్పై ఎనిమిదేళ్లు జనానికి ఉత్తరాలు చదివిపెట్టాను. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, కోర్టు సమన్లు, మిలిటరీ నుంచి కొడుకు రాసిన ఇంగ్లీషు ముక్కలు కూడా విడమర్చి చెప్పాను. ఆ ఒక్క మాటకు అర్థం చెప్పలేకపోయాను. మీకు తెలిస్తే రాసి పంపండి, ఆవిడకు చదివి వినిపిస్తాను.

ధరల పట్టిక కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి విడిగా దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు ఇంకా ఉంది. ఈ ఉత్తరం ప్రతులు మీ కార్యాలయాలకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అలవాటు కొద్దీ రిజిస్టర్డ్ పోస్టే చేసేవాణ్ణి, కానీ అది 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి రసీదు ఇచ్చింది. మీ పేరు, మీ పిన్ కోడు, కవరు బరువు, రుసుము, పన్ను, దేనికది విడివిడిగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టర్
(టపా యజమాని, ఇప్పుడు లైసెన్సుతో)
2026 ఫిబ్రవరి